ముత్యమని పేరు పెట్టారు

కంప్యూటరు ఉద్యోగానికి దారి ఒక్కటేనని మన ఊళ్ళలో చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. ఇంటర్‌లో ఎం.పి.సి., ఆపైన ఇంజనీరింగు. ఆ సీటు రాకపోతే ఇంట్లో కుటుంబ ప్రార్థన కూడా దిగులుగానే సాగుతుంది. అట్టి కుటుంబాలకు లారీ వాల్ గారి సంగతి చెప్పాలని మా కోరిక.

1954లో అమెరికాలో పుట్టిన ఈయన సియాటిల్‌లోని ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో మొదట రసాయన శాస్త్రం, సంగీతం చదివారు. తర్వాత వైద్యం వైపు తిరిగారు. మధ్యలో అక్కడి కంప్యూటరు కేంద్రంలో పనిచేశారు. చివరికి పట్టా పుచ్చుకున్నది భాషల మీద. ఆపైన భార్య గ్లోరియాతో కలిసి బర్క్‌లీలో భాషాశాస్త్రం చదివారు. లిపిలేని భాష ఒకటి, బహుశా ఆఫ్రికాలో, వెదకి, దానికి అక్షరాలు కూర్చి, బైబిలును అందులోకి తేవాలన్నది ఆ దంపతుల తలంపు. అనారోగ్యం వల్ల ఆ తలుపు మూసుకుంది.

వాల్ గారు కంప్యూటరు పనిలో చేరారు. 1987లో యూనిసిస్ కంపెనీలో ఉండగా, ఎన్నో ఫైళ్ళలో చెదిరివున్న సమాచారాన్ని ఏరి నివేదికలు తయారుచేయవలసి వచ్చింది. ఉన్న పనిముట్లు చాలలేదు. తానే ఒక చిన్న భాష కట్టారు. వేయి పేజీల సంఘ రిజిస్టరులో ఒక్క ఊరివారి పేర్లన్నీ ఏరమంటే మనకు ఎన్ని రోజులు పడుతుంది? రిజిస్టరు కంప్యూటరులో ఉంటే, నాలుగు వరుసల ఆజ్ఞలకు క్షణాల్లో ఆ పేర్లు వచ్చేస్తాయి. ఆ వరుసలనే స్క్రిప్టు అంటారు. మత్తయి 13వ అధ్యాయంలోని ముత్యాన్ని తలచి ఆ భాషకు 'పెర్ల్' అని పేరు పెట్టారు. అదే పేరుతో వేరొక భాష ఉన్నందున స్పెల్లింగులో ఒక అక్షరం తీసేశారు. ఆ డిసెంబరులోనే దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

భాషాశాస్త్రం వృథా కాలేదు. ఒకే మాటను మనం పది విధాలుగా చెప్పగలిగినట్టే, పెర్ల్‌లో ఒకే పనిని పలు విధాల చేయవచ్చు. అందులో 'బ్లెస్', అనగా దీవించు, అనే ఆజ్ఞ కూడా ఉంది! ప్రోగ్రాములు వ్రాసేవారికి సోమరితనం ఒక సుగుణమని ఆయన హాస్యంగా వ్రాశారు. సామెతల గ్రంథం చదివే మనకు ఇది మింగుడుపడదు గాని, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయక యంత్రానికి అప్పగించమని ఆయన భావం.

పెర్ల్ చుట్టూ ఒక సహవాసమే పెరిగింది. 1995 నుండి 'సీపాన్' అనే ఉమ్మడి భాండాగారంలో ఎవరు వ్రాసినది వారు ఉంచితే, కావలసినవారు ఉచితంగా తీసుకుంటున్నారు. వైద్యం చదివిన లింకన్ స్టెయిన్ గారు వెబ్ పేజీల కోసం అందులో ఉంచిన పనిముట్టును లోకమంతా వాడుకుంది. మానవ జన్యుపటం తయారీలోనూ పెర్ల్ ఉపయోగపడింది.

నేర్చుకుంటే వెంటనే ఉద్యోగం వస్తుందని మేము చెప్పము. ఈ రోజుల్లో కొత్తవారు ఎక్కువగా 'పైథాన్' వైపు వెళుతున్నారు. అదీ ఉచితమే. బి.ఏ. చదివిన అమ్మాయికైనా పాత కంప్యూటరు ఒకటి, కొద్దిపాటి ఇంగ్లీషు, రోజూ ఒక గంట చాలు మొదలుపెట్టడానికి.