నీళ్ళు తక్కువైనా బతికే మొక్కలు

ప్రొద్దుటూరులో ఒక ఇల్లాలు సంక్రాంతికి గులాబీ మొక్క కొనింది. బండి మీద తెచ్చి అమ్మే మొక్క. రెండు పూలు కూడా ఉన్నాయి. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోసింది. కొన్నాళ్ళకు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నీళ్ళు చాలలేదేమో అని మధ్యాహ్నం మూడో చెంబు పోసింది. శివరాత్రికి మొక్క చచ్చిపోయింది. "నా చెయ్యి మంచిది కాదు" అనుకుని ఆమె మళ్ళీ మొక్క జోలికి పోలేదు.

ఆమె చేతిలో తప్పేమీ లేదు. ఆ మొక్క ఎండకు చావలేదు. నీళ్ళు ఎక్కువై చచ్చింది.

వేర్లకు కూడా గాలి కావాలి. మట్టి సందుల్లో గాలి ఉంటుంది. ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటే ఆ సందులు నిండిపోతాయి. వేర్లకు ఊపిరాడదు, కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. అది నీళ్ళను తొందరగా వదలదు. కుండీలో వట్టి రేగడి నింపితే బాధ ఇంకా ఎక్కువ. రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు వంక ఇసుక, ఒక పాలు బాగా మాగిన దిబ్బ ఎరువు కలపాలి.

కుండీ కొననక్కరలేదు. పాత బకెట్టు, నూనె డబ్బా చాలు. అడుగున మేకుతో నాలుగైదు బొక్కలు పెట్టాలి. వాటి మీద పెంకు ముక్కలు పరచాలి. మన వాకిళ్ళలో నాపరాళ్ళు పరిచి ఉంటాయి కదా, ఏప్రిల్, మే నెలల్లో వాటి మీద కాలు పెట్టలేము. డబ్బాలోని వేర్లకూ అంతే. కింద రెండు ఇటుకలు పెట్టాలి.

నీళ్ళు పోసే ముందు వేలు మట్టిలో రెండు కణుపుల లోతు గుచ్చి చూడాలి. తడి తగిలితే ఆ పూట వద్దు. కడప జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లే. తాగే నీళ్ళకే బిందెలు మోసే ఇంట్లో ఒక చెంబు మిగిలినా మేలే. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కకు పోయవచ్చు. సబ్బు నీళ్ళు పోయరాదు.

మొదటిసారి పెంచేవాళ్ళకు కలబంద మంచిది. పక్కన వచ్చే పిలకను తీసి నాటితే చాలు. ఆకులోనే నీళ్ళు దాచుకుంటుంది. ఆకు కోస్తే కారే పసుపు రసం మాత్రం కడుపులోకి పోరాదు. విరేచనాలు అవుతాయి. వాము ఆకు కూడా సులభం, కొమ్మ తుంచి గుచ్చితే బతుకుతుంది. కరేపాకు నేలలో పెట్టాలి. మొదటి ఏడాది నిదానంగా పెరుగుతుంది, తొందరపడి ఆకు కోయకూడదు.

ఇంక బిళ్ళ గన్నేరు. గోడ సందులో కూడా మొలుస్తుంది. మేకలు ముట్టవు. ఏడాది పొడుగునా పూస్తుంది. పులివెందుల ఎండకైనా తట్టుకుంటుంది. ఈ మొక్క నుంచే రక్త క్యాన్సర్ మందు తీస్తారు. ఆ మాట విని, చక్కెర జబ్బుకు మంచిదని విని, కొందరు ఆకులు కాచి తాగుతున్నారు. అలా తాగరాదు. ఆ ఆకులో విషం ఉంది. మందుల కంపెనీలో దాన్ని వేరు చేసి కొలిచి ఇస్తారు. ఇంట్లో ఆ కొలత ఎవరికీ తెలియదు. చక్కెర జబ్బుకు డాక్టరు ఇచ్చిన మాత్రలే వేసుకోవాలి. పచ్చ గన్నేరు ఇంకా ప్రమాదం. దాని కాయ తింటే ప్రాణం పోతుంది. పసిబిడ్డలున్న ఇంట్లో అది అసలే వద్దు.

కుండీ కింద పళ్ళెం పెడితే అందులో నీళ్ళు నిలవనీయకూడదు. డెంగీ దోమ అట్లాంటి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. సీసాలో మనీప్లాంటు పెంచేవాళ్ళు కూడా వారానికి ఒకసారి నీళ్ళు మార్చి, సీసా లోపల రుద్ది కడగాలి.

గులాబీ చచ్చిన కుండీని పారవేయనక్కరలేదు. కుళ్ళిన వేర్లు ఏరివేసి, మట్టిని రెండు మూడు దినాలు ఎండలో ఆరబోయాలి. కాస్త ఇసుక కలిపి మళ్ళీ నింపాలి. పక్కింట్లో వాము ఆకు ఉంటే జానెడు కొమ్మ అడిగి తెచ్చుకుంటే సరి.