బయాలజీ రీసెర్చ్ జాబ్స్: పేరు జేఆర్‌ఎఫ్.. నెలకు రూ.37 వేలు.. కానీ ఆ ఫెలోషిప్ మీదా, ప్రాజెక్టుదా?

'జేఆర్‌ఎఫ్ పోస్టు.. నెలకు రూ.37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం'. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ పూర్తి చేసినవాళ్లకు ఇలాంటి నోటిఫికేషన్లు తరచూ కనిపిస్తాయి. చూడగానే అప్లై చేసేయాలనిపిస్తుంది. కానీ ఇదే పేరుతో రెండు రకాల పోస్టులు ఉన్నాయి. తేడా తెలియకుండా చేరితే రెండు, మూడేళ్లు పనిచేసి కూడా పీహెచ్‌డీ లేకుండానే బయటకు రావాల్సి వస్తుంది. అందుకే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

నెట్ జేఆర్‌ఎఫ్ అంటే..?

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్‌ఎఫ్ సాధిస్తే ఆ ఫెలోషిప్ అభ్యర్థిదే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, సెంట్రల్ యూనివర్సిటీ, తిరుపతి ఐసర్.. ఇలా పీహెచ్‌డీ అడ్మిషన్ దొరికిన చోట చేరొచ్చు. మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా రూ.42,000 ఇస్తారు. మొత్తం గరిష్ఠంగా ఐదేళ్లు. ఈ రేట్లు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

మరి ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్..?

ఇక్కడ డబ్బు అభ్యర్థి పేరు మీద రాదు. డీబీటీ, ఐసీఎంఆర్ లాంటి సంస్థలు ఒక సైంటిస్టుకు ఇచ్చిన ప్రాజెక్టు నిధుల్లోంచి వస్తుంది. ప్రాజెక్టు అయిపోతే పోస్టు కూడా అయిపోతుంది. నిధులు లేటైతే జీతమూ లేటవ్వొచ్చు. ఇందులో చేరినంత మాత్రాన పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ దానంతట అది రాదు. రెగ్యులర్ చేయమని అడిగే హక్కు ఉండదని చాలా నోటిఫికేషన్లలో ముందే రాస్తారు.

అలాగని ఈ పోస్టులు దండగేం కాదు. ల్యాబ్ పని చేతికి వస్తుంది. రీసెర్చ్ పేపర్‌లో పేరు రావొచ్చు. నెట్‌కు ప్రిపేర్ అవుతూ ఒకటి, రెండేళ్లు చేయడానికి బాగానే ఉంటుంది.

పీహెచ్‌డీ తర్వాత పరిస్థితేంటి?

రీసెర్చ్ అసోసియేట్‌కు నెలకు రూ.58,000 నుంచి రూ.67,000 వరకు ఇస్తారు. అదీ తాత్కాలికమే. యూజీసీ స్కేల్‌లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మొదటి బేసిక్ పే రూ.57,700. డీఏ, ఇతర అలవెన్సులు అదనం. అంటే బేసిక్ ఒక్కటే చూస్తే ఆర్‌ఏ కంటే తక్కువే. అయినా ఇది పర్మినెంట్ ఉద్యోగం. 2023 జులై నుంచి ఈ పోస్టుకు నెట్, సెట్ లేదా స్లెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ ఆప్షనల్. అయితే ఇంటర్వ్యూ దాకా వెళ్లాలంటే పీహెచ్‌డీ, పబ్లికేషన్లు ఉన్నవాళ్లతోనే పోటీ పడాలి.

ఇంటర్వ్యూలో ఇవి అడగండి

* ప్రాజెక్టు ఇంకా ఎన్ని నెలలు ఉంది?
* పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కు అవకాశం ఉందా? ఏ యూనివర్సిటీలో?
* ప్రాజెక్టు ముగిశాక పీహెచ్‌డీ పూర్తయ్యే వరకు ఫెలోషిప్ ఎవరిస్తారు?

ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ముఖ్యంగా మూడో ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే, ఆ పోస్టును పీహెచ్‌డీ సీటు అనుకోకుండా ప్రాజెక్టు ఉన్నన్నాళ్ల ఉద్యోగంగానే లెక్కేసుకోవాలి.