కెర్నెల్ మార్పులో పూర్వప్రతి రక్షణ: ఫ్రీబీఎస్‌డీ పద్ధతి
ఫ్రీబీఎస్‌డీలో కెర్నెల్ స్వరూపాన్ని నిర్ణయించే ‘జెనెరిక్’ ఫైలును నేరుగా దిద్దరాదు. వేరొక పేరుతో ఫైలు సృష్టించి, ‘ఇన్‌క్లూడ్’ ఆదేశంతో జెనెరిక్‌ను చేర్చుకొని, తేడాలను మాత్రమే అందులో రాయాలి. జెనెరిక్‌లో తరువాత వచ్చే మార్పులు కూడా అప్పుడు వాటంతట అవే అందుతాయి.

అసలు ప్రమాదం స్థాపన దశలో ఉంది. కొత్త కెర్నెల్‌ను స్థాపించినప్పుడు, అప్పటివరకు నడుస్తున్నది ‘కెర్నెల్.ఓల్డ్’ డైరెక్టరీకి తరలుతుంది. కొత్తది బూట్ కాకపోతే లోడర్ నుంచి దానిని ఎంచుకోవచ్చు. అయితే అక్కడ నిలిచేది ఒక్క ప్రతి మాత్రమే. బూట్ అయినప్పటికీ, ఏదో ఒక డ్రైవర్ లోపించిన కెర్నెల్‌ మీద నడుస్తూనే సవరించి మరల స్థాపిస్తే, ఆ లోపభూయిష్టమైనదే ‘పాతది’ అవుతుంది. సక్రమంగా పనిచేసిన ప్రతి తొలగిపోతుంది. రెండవ స్థాపన కూడా విఫలమైతే ఆశ్రయించదగిన కెర్నెల్ మిగలదు. కనుక తొలి ప్రయోగానికి ముందే, పనిచేస్తున్న కెర్నెల్ డైరెక్టరీని మాడ్యూళ్లతో సహా ‘బూట్’ కిందనే మరొక పేరుతో నకలు చేసి ఉంచాలి. లోడర్ దానిని ఆ పేరుతోనే పిలువగలదు.