జ్ఞానదంతం ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

దవడల చివర ఉండే జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. అప్పటికే మిగతా 28 పళ్లూ వచ్చేసి ఉంటాయి. చోటు చాలకపోతే కొత్త పన్ను పక్కకు ఒరిగి, ఎముకలోనో చిగురు కిందో ఇరుక్కుపోతుంది.

సగమే పైకి వస్తే దాని మీద చిగురు మూతలా ఉండిపోతుంది. ఆ సందులో మెతుకులు, బ్యాక్టీరియా చేరతాయి. బ్రష్ అక్కడికి సరిగా అందదు. దాంతో చిగురు వాచి చీము పట్టవచ్చు. ఒక్కోసారి నోరు తెరవడమే కష్టమవుతుంది. ఒరిగిన పన్ను ఆనుకున్న చోట దాని పక్క దంతమూ పుచ్చిపోవచ్చు. అరుదుగా ఆ పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడి ఎముకను దెబ్బతీస్తుంది.

మరి పీకేయాల్సిందేనా? ప్రతిసారీ కాదు. పన్ను ఎటు ఒరిగిందో, దవడ నరానికి ఎంత దగ్గరగా ఉందో ఎక్స్‌రేలో చూసి దంతవైద్యులు నిర్ణయిస్తారు.