హజ్ నౌకల వీధిలో ఒక పగలు

సింగపూర్ నుండి బయలుదేరే విహార నౌకలలో అనేకం మలేషియాలోని పినాంగ్ దీవి రేవులో ఒక పగలు ఆగుతాయి. దిగిన ప్రయాణికులలో అధికులు వ్యానులెక్కి కొండ మీదికో, దుకాణాలకో తరలిపోతారు. మేము భార్యాభర్తలం, ఇద్దరు పిల్లలు, డెబ్బయ్యేళ్ళు దాటిన అమ్మ కాలినడకనే ఎంచుకున్నాము. రేవును ఆనుకునే జార్జ్‌టౌన్ పాత నగరం మొదలవుతుంది. యునెస్కో 2008లో దీనిని మలక్కా నగరంతో కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

రేవు దాటగానే గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి 60 ఏళ్ళ పాలనకు గుర్తుగా, ఏడాదికొక అడుగు చొప్పున 60 అడుగులు కట్టారట. దాని చెంతనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ పక్షాన వచ్చి దిగినది ఈ చోటనే. ఫిరంగులు పిల్లలకు నచ్చాయి. మాకు అక్కడ ఎక్కువసేపు నిలవాలనిపించలేదు.

కొంత దూరం నడిస్తే ఒకే దారిలో చర్చి, చీనా దేవాలయం, మారియమ్మ గుడి, కపితాన్ కెలింగ్ మస్జిద్ దగ్గర దగ్గరగా ఎదురవుతాయి. చోళమండల తీరం నుండి వచ్చిన ముస్లిం వర్తకుల నాయకుడు కాదిర్ మొహిదీన్ ఆధ్వర్యంలో, కంపెనీ 1801లో ఇచ్చిన స్థలంలో ఈ మస్జిద్ వెలిసింది. నేడు కనిపించే గుమ్మటాలు 20వ శతాబ్దంలో చేర్చినవి. ‘కెలింగ్’ అన్న మలయా పదం మన కళింగం నుండి పుట్టినదని పండితుల మాట. శ్రీకాకుళం తీరం ఆ కళింగంలోనిదే. అక్కడి భారతీయులు నేడు ఆ పదాన్ని అవమానంగా భావిస్తారు. మస్జిద్ పేరులో మాత్రం అది గౌరవంగానే నిలిచి ఉంది. జుహర్ నమాజ్ ఇక్కడే చేశాము. స్థానిక ఇమామ్ వెనుక నిలిచిన ప్రయాణికునికి కుదింపు ఉండదు గనుక నాలుగు రకాతులూ పూర్తిగా చేశాము.

భోజనం నాసి కందర్. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. వెనుకటి రోజుల్లో తమిళ ముస్లింలు కావడికి ఒకవైపు అన్నం, మరోవైపు కూర పెట్టుకుని తిరుగుతూ రేవు కూలీలకు అమ్మేవారు. నౌకలో ప్రతి వంటకం గురించి అడిగి అడిగి తిన్న అమ్మ, ఇక్కడ హలాల్ చింత లేకుండా రెండోసారి వడ్డించుకున్నారు.

అక్కడికి కొద్ది నిమిషాల నడకలో అచే వీధి. సుమత్రాలోని అచే నుండి వచ్చిన అరబ్బు సంతతి వర్తకుడు తెంకు సయ్యిద్ హుసైన్ 1808లో ఇక్కడ మస్జిద్ నెలకొల్పారు. ఎనిమిది పలకల మినార్ నడుమ గుండ్రటి రంధ్రం ఒకటుంది. అది 1867 నాటి అల్లర్లలో తగిలిన ఫిరంగి గుండు గుర్తని జనశ్రుతి.

మమ్మల్ని ఎక్కువసేపు నిలిపినవి మస్జిద్ చుట్టూ ఉన్న పాత ఇళ్ళు. ఆవిరి నౌకల కాలంలో హజ్ యాత్రికులు ఊళ్ళ నుండి ఇక్కడికి చేరి, నౌక వచ్చేదాకా రోజుల తరబడి వేచి ఉండేవారు. బస, టిక్కెట్టు, దారి బత్తెం అన్నీ ఈ వీధిలోనే సమకూరేవి. సాగనంపే బంధువులతో వీధి కిక్కిరిసిపోయేది. చాలామంది పొలమో, పశువులో అమ్మి బయలుదేరేవారు. హజ్ నెరవేరేది, తిరిగి వచ్చాక బతుకుతెరువు ఉండేది కాదు. వడ్డీకి వెరచి సొమ్మును ఇంట్లోనే దాచుకునేవారు మరికొందరు. ఈ దుస్థితిని చూసి ఆర్థికవేత్త ఉంకు అజీజ్ 1959లో వడ్డీ లేని హజ్ పొదుపు పథకాన్ని ప్రతిపాదించారు. 1963లో ఆ సంస్థ మొదలైంది. నేటి తాబుంగ్ హాజీ దాని కొనసాగింపే.

మనకూ బొంబాయి నుండి జెద్దాకు 1995 వరకు యాత్రికుల నౌకలు నడిచాయి. అమ్మ తండ్రిగారు ఆ దారినే వెళ్ళారు. బయలుదేరే ముందు అప్పులన్నీ తీర్చి, ఇరుగుపొరుగు వారిని క్షమాపణ అడిగి, వీలునామా రాసి ఉంచారనీ, తిరిగి వచ్చేదాకా ఒక్క ఉత్తరమే అందిందనీ మస్జిద్ అరుగుపై కూర్చుని అమ్మ చెప్పారు. “ఫోన్ కూడా లేదా?” అని చిన్నవాడు ఆశ్చర్యపోయాడు. అమ్మ హజ్ ఇంకా నెరవేరవలసి ఉంది. ఆ మాట ఆమె పైకి అనలేదు. ఊరు చేరిన నెల నుండే ఆమె పేరిట కొంత సొమ్ము విడిగా తీసి ఉంచడం మొదలుపెట్టాము.

సాయంత్రం అసర్ నమాజ్ నౌకపై కుదించి రెండు రకాతులు చేశాము. రేవు విడిచాక మా నౌక దక్షిణంగా సింగపూర్ దారి పట్టింది. హజ్ నౌకలు ఇదే నీటి నుండి పడమరకు సాగేవి. అమ్మ చాలాసేపు ఆ వైపే చూస్తూ నిలబడ్డారు.