వంటేగా అనుకోకండి!

‘హోంసైన్సా? వంటలేగా!’ పదో తరగతిలో ఆ సబ్జెక్టు తీసుకుంటానంటే ఇంట్లో ముందు వినిపించే మాట ఇదే. సరే, వంట దగ్గరే మొదలుపెడదాం.

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. బాగా కాచి తాగితే సరిపోతుందిలే అనుకుంటాం. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం పోదు. పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. అక్కణ్నుంచి సంగం వైపు దిగారంటే పెన్న నీళ్లు, కనుచూపుమేర వరిచేలు. ఇక్కడి చిక్కు వేరు. పూటపూటా పాలిష్ పట్టిన తెల్లన్నమే. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే, అన్నే బియ్యంలో పది కూడా కష్టమే! ఇక, భోంచేసి చెయ్యి కడుక్కోగానే టీ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అదే కూరలో కాస్త నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. మరి ఈ సంగతులన్నీ పిల్లలకు ఎవరు చెప్పాలి?

అసలీ చదువు పుట్టింది కూడా వంటింట్లో కాదు, ప్రయోగశాలలో. అమెరికాలోని ఎంఐటీలో చేరిన తొలి మహిళ ఎలెన్ స్వాలో రిచర్డ్స్ రసాయన శాస్త్రవేత్త. తాగునీళ్ల నాణ్యతనీ సరుకుల్లో కల్తీనీ పరీక్షించిన ఆమె చొరవతోనే 1899 నుంచి లేక్‌ప్లాసిడ్‌లో ఏటా సమావేశాలు జరిగి, ‘హోం ఎకనామిక్స్’కి ఓ రూపం వచ్చింది. మన దేశంలో 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ పెట్టారు. బడుల్లోకి వచ్చేసరికి మాత్రం అది కుట్లూ అల్లికల పీరియడ్ అయి కూర్చుంది, అదీ ఆడపిల్లలకే! 1960ల్లో హంసా మెహతా కమిటీ అబ్బాయిలకో చదువు, అమ్మాయిలకో చదువు వద్దంది. కొఠారి కమిషనేమో దీన్ని ఆడపిల్లలకు తప్పనిసరి చేయొద్దంది. మంచి మాటలే. కానీ జరిగిందేమిటి? అబ్బాయిలకు రాలేదు, అమ్మాయిలకూ పోయింది. సీబీఎస్‌ఈలో ఐచ్ఛికంగా ఉంది కానీ మన రాష్ట్ర సిలబస్ పదో తరగతిలో ఈ సబ్జెక్టే లేదు.

ఇంటి లెక్క ఎంత పదునైందో నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాలా! కలిగిరి మండలం దూబగుంటలో అక్షరదీపం రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు సారాపై రాసిన ‘సీతమ్మ కథ’ పాఠం చదివారు. కూలి డబ్బుల్లో ఇంటికొచ్చేదెంత, సారా కొట్టుకు పోయేదెంత అని లెక్క కట్టుకున్నారు. కొట్టు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో రాజుకున్న ఆ ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ వెనకే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. ఆదాయం, ఖర్చు, పొదుపు... హోంసైన్స్ పుస్తకంలో ఇదో పాఠం. వీళ్లు పుస్తకం చూడకుండానే పరీక్ష పాసయ్యారు.

చిన్నప్పుడే బడి మానేసిన వాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? ఓపెన్ స్కూలు పదో తరగతిలో ఎంచుకునే సబ్జెక్టుల్లో హోంసైన్స్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, ఆపైన వయసుతో పనిలేదు. పోషకాహారం, పిల్లల పెంపకం, బట్టల రకాలు, ఇంటి బడ్జెట్, వినియోగదారుల హక్కులు లాంటివి చదవాలి. సగం ఇల్లాలికి తెలిసినవే, మిగతా సగం తెలియాల్సినవి. దగ్గర్లోని హైస్కూల్లో అడిగితే స్టడీ సెంటర్ ఎక్కడుందో చెబుతారు.

అన్నట్టు, అబ్బాయిలూ తీసుకోవచ్చు. అవసరం లేదంటారా? చెన్నైలోనో హైదరాబాద్‌లోనో రూము తీసుకుని రోజూ కుక్కర్‌తో కుస్తీ పడుతున్న మీవాడికి ఓసారి ఫోన్ చేయండి.