వైద్యుని కాలవిభజన

బడిలో ఉపాధ్యాయునికి కాలనిర్ణయ పట్టిక ఉంటుంది. వైద్యునికి కూడా అటువంటి పట్టిక వేయవచ్చునా? రోగాలు వేళ చూసుకొని రావు గదా! అయినా ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులలోని నిపుణ వైద్యులకు, అనగా కన్సల్టెంట్లకు, అట్టి పట్టిక ఉన్నది. దాని అవసరం ఎట్లా కలిగిందో చూద్దాం.

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న ప్రారంభమైనది. ప్రజలందరికీ ఉచితంగా చికిత్స చేయటం దాని ఆశయం. నిపుణులను ఇందులో చేర్చుకొనటానికి ఆనాటి ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ వారికి ఒక వెసులుబాటు ఇచ్చాడు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తూనే వారు ఫీజు పుచ్చుకొని సొంతంగా కూడా వైద్యం చేయవచ్చు. చిక్కు ఇక్కడే ఉన్నది. వైద్యుడు తన మధ్యాహ్నాన్ని ఫీజు ఇచ్చే రోగికి కేటాయిస్తే, ఉచిత చికిత్స కోసం వరుసలో ఉన్న రోగి మరికొంత కాలం వేచి ఉండవలసి వస్తుంది.

కాలాన్ని న్యాయంగా పంచాలంటే ముందు దానిని కొలవాలి. 2003లో ఇంగ్లండులో కుదిరిన ఒప్పందం 4 గంటల పనిని ఒక ప్రమాణంగా తీసుకొన్నది. పూర్తికాలపు వైద్యునికి వారానికి 10 ప్రమాణాలు, అనగా 40 గంటలు. వీటిలో సాధారణంగా ఏడున్నర ప్రమాణాలు, అంటే 30 గంటలు, రోగుల కోసం. రోగులను పరీక్షించటం, శస్త్రచికిత్స చేయటం, వార్డులు తిరిగి చూడటం ఈ భాగంలోనివి. ఇందుకోసం ఒక ఆసుపత్రి నుండి మరొకదానికి వెళ్ళే ప్రయాణకాలం కూడా ఇందులోనే చేరుతుంది. తక్కిన 10 గంటలు బోధనకు, అధ్యయనానికి, తమ పని ఫలితాలను సమీక్షించుకొనటానికి.

రాత్రి పని కష్టతరం. అందుచేత సాయంకాలం 7 గంటల నుండి ఉదయం 7 వరకు, శని ఆదివారాలలోను, 3 గంటలనే ఒక ప్రమాణంగా లెక్కిస్తారు. పగలు 12 గంటలు పనిచేస్తే 3 ప్రమాణాలు, రాత్రి పనిచేస్తే 4 అన్నమాట.

సొంత వైద్యానికి కూడా ఈ ఒప్పందం హద్దు గీసింది. అత్యవసర సందర్భాలలో తప్ప, అది పట్టికలోని వేళలకు అడ్డు రాకూడదు. అదనపు కాలం ఉన్న వైద్యుడు, ఆసుపత్రి కోరితే, ముందుగా ఒక ప్రమాణం అక్కడ పనిచేయటానికి ఒప్పుకోవాలి. కాదంటే జీతపు పెరుగుదల ఆగిపోవచ్చునని నియమం పెట్టారు.

వైద్యుడు, ఆసుపత్రి అధికారులు కలసి ఏటేటా ఈ పట్టికను సరిచూసుకొంటారు. తెలుగునాట చదివి అక్కడ కన్సల్టెంట్లుగా పనిచేసే వారి వారం కూడా ఈ ప్రమాణాలలోనే నడుస్తుంది. పట్టిక వేసినంతమాత్రాన వారంలో గంటలు పెరగవు. పని ఎక్కువైతే ఆ భారం వైద్యుని విశ్రాంతి మీదనో, రోగి నిరీక్షణ మీదనో పడక తప్పదు. కాని ఏ గంట ఎవరికి చెందుతున్నదో వ్రాసి ఉంచినందువల్ల, ఎక్కడ లోటు పడుతున్నదో తెలుసుకొని సరిదిద్దటానికి వీలు కలుగుతున్నది.